పేరున్న ఆట

హకొదాతె రేవు వెనక, ట్రామ్ మలుపు తిరిగే చోట
పాత ఆటల అంగడి మాది.
అరచేతంత అట్టముక్క మీద నాలుగు వాక్యాలు రాసి
ఒక్కో కార్ట్రిడ్జ్ పక్కన నిలబెట్టడం నా పని.
అయిదోది రాస్తే హిజుమె గారు ఊరుకోరు:
"కొనేవాడు చదవడానికి రాలేదమ్మా, ఆడటానికొచ్చాడు."

ఈ రాత్రి వంతు దీనిది.
బూడిదరంగు డబ్బా, ఒక మూల విరిగింది.
బొమ్మలో ఇంటికప్పు మీద నిప్పులార్పే మనిషి,
భుజాన పొడుగాటి జెండాకర్ర.
వెనక నల్ల మార్కరుతో, చివరికొచ్చేసరికి కిందికి జారిపోతూ:
ఉగాజిన్ మికియో, నాలుగో తరగతి, రెండో సెక్షన్.
పేరున్న సరుకుకి మూడొందల యెన్ తగ్గించాలి.
స్పిరిట్‌తో తుడిచేస్తే తగ్గించక్కర్లేదు.
సీసా బల్ల మీదే ఉంది.

ఊది పెట్టాను. ఊదకూడదని తెలుసు.
మొదటిసారి తెర గళ్ళ లుంగీలా చెదిరింది,
రెండోసారి పలికింది.

ముందుగా తిట్లు.
గెంతు మొండిది. గాల్లోకి లేచాక మనసు మార్చుకోనివ్వదు,
నోరు జారిన మాటలాగే.
నిప్పురవ్వ తగిలితే మూడడుగులు వెనక్కి విసురుతుంది,
మూడడుగుల వెనక ఎప్పుడూ గొయ్యే ఉంటుంది.
కాకులు అయిదైతే ఆటంతా మోకాల్లోతు నీళ్ళలో నడుస్తుంది,
ఆరోది వాలిందా,
అందరూ వంతులవారీగా మాయమై మళ్ళీ మెరుస్తారు.
పాపం ఆ యంత్రానికి
ఒక్క వరసలో అంతమందిని మోసే ఒళ్ళు లేదు.

వెనక్కి నడవడమూ లేదు.
ఎడమ అంచు నుంచి మంట తరుముకొస్తుంది,
దాటిన కప్పు దాటిందే.
పెంకు పక్కన నీటిబుంగ, ఒక్క అడుగు వెనక,
సగం కనబడుతూనే ఉంటుంది.
తెర ఇవ్వదు.

రాయాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోని సంగతొకటి:
దెబ్బ తగిలిన ప్రతిసారీ
పాటలోంచి ఒక గొంతు తప్పుకుంటుంది.
ఉన్నవే నాలుగైదు గొంతులు. ఆ 'టక్'మనే చప్పుడుకి
పిల్లనగ్రోవిలాంటిది తన చోటిచ్చి,
అరక్షణం ఆగి, జారిన చరణాన్ని వదిలేసి, ముందుకెళ్ళి అందుకుంటుంది.
బాగా ఆడేవాళ్ళకి ఇది ఎన్నటికీ తెలియదు.
నాకు రాత్రంతా వినబడింది.

మూడింటికి, అయిదో అంకంలో వంతెన కాలుతుంటే
విసుగెత్తి మాన్యువల్ తిరగేశాను.
చివరి పేజీలో పెన్సిల్‌తో పద్నాలుగు అక్షరాల సంకేతం.
దాని కింద మళ్ళీ అదే. దాని కింద మళ్ళీ,
కాగితం చిరిగేంత ఒత్తి.
కొట్టి చూశాను. "సంకేతం తప్పు" అంది తెర.
వాడికీ ఇంత మర్యాదగానే చెప్పి ఉంటుంది.

మా లిపిలో నె, రె, వ ఒకే కడుపున పుట్టిన ముగ్గురు.
తోక ముడి వేస్తే ఒకరు, బయటికి విదిలిస్తే ఒకరు,
లోపలికి వంచుకుంటే ఇంకొకరు.
ఆనాటి టీవీల మసకలో పోల్చుకోవడం ఎవరి తరం?
ఏడో అక్షరం దగ్గర ఆగాను.
వ పెట్టాను. తప్పు.
రె పెట్టాను.

తెర నల్లబడింది. వెలిగింది.
ఆరో అంకం. బుంగలు రెండు. ప్రాణం ఒకటి.
కప్పు అంచున ఆ మనిషి ఊపిరి పీలుస్తూ నిలబడ్డాడు,
ముప్పై ఏళ్ళుగా.
కాదు, మాన్యువల్ మీది సంవత్సరం చూస్తే ముప్పై ఆరు.

పదకొండు సెకన్లు బతికించాను.
కాకి. మూడడుగులు.
పిల్లనగ్రోవి పక్కకి జరిగింది.

దీపాలార్పుకుంటూ స్క్విడ్ పడవలు రేవుకొస్తున్నాయి.
అట్టముక్క తీసుకుని రాశాను:

"గెంతు మొండిది, ఓపికుంటేనే కొనండి.
పాట కోసం అప్పుడప్పుడు దెబ్బ తినండి.
పదికి ఆరు.
మాన్యువల్ చివరి పేజీలో ఏడో అక్షరం నె కాదు, రె."

ధర దగ్గర మూడొందలు కొట్టేశాను.
సీసా మూత తీయలేదు.
హిజుమె గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి,
నాలుగే కదా అని వేలితో లెక్కపెట్టుకుని,
షట్టరెత్తడానికి వెళ్ళారు.